దివిసీమ ఇళ్లలో నిల్వలు

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలుతుంది. అక్కణ్ణుంచి హంసలదీవి, సొర్లగొంది దాకా మా దివిసీమ. చుట్టూ నీళ్లే ఉన్నా బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. తాగడానికి కాలవ నీరే దిక్కు. వేసవిలో కాలవలు కట్టేస్తారు కాబట్టి ఆ లోపే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. చెరువు నుంచి కావిళ్లతో తెచ్చిన నీళ్లు బురదగా ఉండేవి. కుండ లోపలి గోడకు చిల్లగింజ అరగదీసి నీళ్లు పోస్తే, తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగేది. పైన తేరిన నీటిని కదలకుండా ముంచి, గుడ్డలో వడగట్టి బిందెకెత్తేవారు.

వడ్లకు పురులుండేవి. వరిగడ్డి తాడును వరసలు వరసలుగా చుట్టుకుంటూ, లోపల గింజలు పోసుకుంటూ మనిషెత్తు లేపేవారు. చింతపండు, ఆవకాయ జాడీలు, ఎండుచేపలు సరేసరి. వానలు మొదలవకముందే పిడకలు ఎండబెట్టి గూడు కట్టేవారు.

ఎండాకాలానికీ ముసురుకీ ఈ ఏర్పాటు చాలింది. ఉప్పెనకు చాలలేదు.

1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. మళ్లీ 1977 నవంబరు 19న సముద్రం మా మీద పడింది. పోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలోనే దాదాపు 10 వేలు. నవంబరులో చేలో పంట కోతకొచ్చి ఉంటుంది, పురుల్లో పాతగింజ అడుగంటి ఉంటుంది. చేలో పంట, ఇంట్లో మిగిలిన గింజ ఒకేసారి పోయాయి. బతికి బయటపడ్డవాళ్లు తడిసిన వడ్లు దొరికినా వండుకోలేకపోయారు. పిడకలు కరిగిపోయాయి, అగ్గిపుల్ల వెలగలేదు, చెరువుల్లో ఉప్పునీరు నిండి పశువుల కళేబరాలు తేలాయి. కొబ్బరిబొండాలతో గొంతు తడుపుకున్నామని మా పెద్దవాళ్లు చెప్పేవారు. మనకు నిల్వ లేక కాదు, ఉన్నదంతా నేలమీదే ఉండటం వల్ల నష్టపోయామని నేననుకుంటాను.

ఆ తర్వాత తుపాను షెల్టర్లు, శ్లాబు ఇళ్లు వచ్చాయి. 1990 మే 9న అంతటి తుపానే వచ్చినా జనాన్ని ముందే తరలించడంతో రాష్ట్రమంతటా మృతులు వెయ్యి లోపే. ఇళ్లలోనూ నిల్వ పైకెక్కింది. అమ్మ అటకమీద బిగుతు మూత డబ్బాలో బియ్యం, అటుకులు, బెల్లం, పాలిథిన్ సంచిలో చుట్టిన అగ్గిపెట్టెలు, పక్కన కిరోసిన్ స్టవ్ ఉంచేది. వినాయక చవితి వెళ్లగానే అన్నీ దించి, బియ్యం ఎండబోసి, పురుగు చూసి మళ్లీ ఎత్తేది.

ఇప్పుడు వడ్లు కళ్లంలోనే అమ్మేస్తున్నాం. బియ్యం నెలనెలా బస్తా కొంటున్నాం. రేషన్ కిరోసిన్ రాదు, గ్యాస్ బండ చాలా ఇళ్లలో ఒక్కటే. తాగునీరు రోజూ వచ్చే క్యాన్‌లోదే. కరెంటు పోతే ఆ నీటి ప్లాంటూ ఆగుతుంది, ఇంట్లో మోటారూ ఆగుతుంది. తుపానుకు స్తంభాలు పడిపోతే లైన్లు సరిచేయడానికి రోజులు పడతాయి.

తాగడానికీ వంటకీ కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లన్నా కావాలి. నలుగురున్న ఇంటికి అయిదు రోజులకు 80 లీటర్లు, అంటే నాలుగు క్యాన్లు. అక్టోబరు రాకముందే వాటిని నింపి మేడమీదికి చేర్చాలి. హెచ్చరిక వచ్చాక కొందామంటే ప్లాంటు ముందు క్యూ ఉంటుంది. మేడ లేనివాళ్లకోసం షెల్టరులో నీటి ట్యాంకు కడిగి, నింపి, మూత బిగించి ఉంచమని పంచాయతీని ఇప్పుడే అడగాలి.