ఊరు దాటిన బొమ్మలు

కువైట్‌కి వచ్చిన కొత్తల్లో ఓ శుక్రవారం రాజంపేట మామతో కలిసి గల్ఫ్ రోడ్డు మీదున్న నేషనల్ మ్యూజియం వైపు నడిచాను. మామ 1990కి ముందు నుంచే ఇక్కడ డ్రైవరు. "ఇదంతా కాలిపోయింది రా అప్పట్లో" అన్నాడు.

షేక్ నాసర్ సబా, ఆయన భార్య షేఖా హుస్సా 1970ల నుంచి సేకరించిన ఇస్లామిక్ కళాఖండాలు 1983 నుంచి ఆ భవనంలో ఉండేవి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చింది. ఆ తర్వాత వస్తువుల్ని సర్ది బాగ్దాద్ పట్టుకుపోయారు, భవనం తగలబడింది. మొరాకో ఫెజ్ నగరానికి చెందిన 14వ శతాబ్దపు కొయ్య తలుపులు బూడిదయ్యాయి. పట్టుకుపోయినవి చాలావరకు 1991లో ఐక్యరాజ్యసమితి ద్వారా తిరిగొచ్చాయి. అసలు చేతులు మారనివి వేరే ఉన్నాయి: ప్రదర్శన కోసం లెనిన్‌గ్రాడ్ వెళ్ళిన వందకు పైగా వస్తువులు.

ఇంట్లో లేనివే భద్రంగా ఉండటం విన్నప్పుడల్లా నాకు జార్జ్ కాట్లిన్ గుర్తొస్తాడు. 1832లో ఈ అమెరికన్ చిత్రకారుడు ఆవిరి పడవలో మిస్సోరి నది మీదుగా ఫోర్ట్ యూనియన్ చేరి, అక్కడికి వచ్చిన బ్లాక్‌ఫీట్ నాయకుల్ని తైలవర్ణాల్లో గీశాడు. వాళ్ళలో బ్లడ్ తెగ పెద్ద స్టుమిక్‌ఒసక్స్ ఉన్నాడు. తోలు చొక్కా, చేతిలో పొడవాటి పైపు, మనల్ని తూకం వేస్తున్నట్టుండే చూపు. అయిదేళ్ళకి, 1837లో, మశూచి ఆ జనాన్ని ఊడ్చేసింది. ఆ తర్వాత ఆ బొమ్మల విలువ వేరు.

కానీ కొనే దిక్కు లేదు. తన సేకరణ మొత్తం కొనమని కాట్లిన్ ఎన్నిసార్లు అడిగినా అమెరికా కాంగ్రెస్ ఒప్పుకోలేదు. 1852లో లండన్‌లో అప్పులపాలయ్యాడు. ఫిలడెల్ఫియాకు చెందిన జోసెఫ్ హారిసన్ అనే రైలింజన్ల వ్యాపారి అప్పు తీర్చి, బొమ్మలన్నీ తీసుకెళ్ళి తన బాయిలర్ కర్మాగారంలో పడేశాడు. పడేశాడనే అనాలి!

ప్రభుత్వం కోసం చార్లెస్ బర్డ్ కింగ్ గీసిన ఆదివాసీ నాయకుల చిత్రాలు, జాన్ మిక్స్ స్టాన్లీ గీసినవి మాత్రం వాషింగ్టన్ స్మిత్సోనియన్‌లో దర్జాగా గోడలెక్కాయి. 1865 జనవరి 24న అక్కడ మంటలు లేచాయి. కొద్ది తప్ప అన్నీ పోయాయి. కాంగ్రెస్ కొని ఉంటే కాట్లిన్ బొమ్మలూ ఆ గోడల మీదే ఉండేవేమో.

కాట్లిన్ 1872లో పోయాడు. 1879లో హారిసన్ భార్య బొమ్మల్ని అదే స్మిత్సోనియన్‌కి ఇచ్చేసింది. స్టుమిక్‌ఒసక్స్ ఇప్పుడు అక్కడే ఉన్నాడు.

ఇదంతా మామకి చెబితే విని కాసేపు ఊరుకున్నాడు. యుద్ధంలో నీ సామాను ఏమైంది అని అడిగాను.

"పెట్టె ఫర్వానియా రూములోనే ఇడిసిపెట్టి అమ్మాన్ దావ పట్టినాం రా. మీ అత్తా నేనూ పెండ్లిలో తీపిచ్చుకున్న ఫోటో ఒకటి ముందే జాబులో పెట్టి ఇంటికి పంపినా. అదొక్కటే మిగిలింది."

రాజంపేటలో వాళ్ళ గోడ మీద చూశానది. మధ్యలో జాబు మడత గీత అలాగే ఉంది.