ముఖం దాచిన నాట్యం: ఛౌ, నోహ్

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఉండేవారు టాటానగర్ వైపు రైలెక్కితే రెండు మూడు గంటల్లో ఛౌ నృత్యసీమకు చేరతారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలకు అది పొరుగు కళ. దానిని జపాన్ నోహ్ నాటకం పక్కన నిలిపి చూద్దాం.

ఛౌలో మూడు శాఖలు. పురూలియా, సరాయికేలా శాఖల్లో మాస్కు ఉంటుంది, మయూర్‌భంజ్‌లో ఉండదు. ముఖమే కనిపించనప్పుడు భావం ఎక్కడి నుంచి వస్తుంది?

నోహ్ మాస్కును హినోకి అనే సైప్రస్ జాతి కలపతో చెక్కుతారు. నటుడు దానిని కొంచెం పైకెత్తితే వెలుగు పడి నవ్వినట్లుంటుంది. కొంచెం దించితే నీడ పడి దుఃఖించినట్లుంటుంది. కంటి రంధ్రాలు ఎంత చిన్నవంటే, రంగస్థలం మీది స్తంభాలను ఆనవాలుగా పెట్టుకొని అతను అడుగు వేస్తాడు. మాస్కు వెనుక నుంచే పద్యగద్యాలు పలుకుతాడు.

ఛౌ నర్తకుడు పలకడు. పురూలియాలో ధంసా, ఢోలు మోతకు అతను గాలిలోకి ఎగిరి మోకాళ్ళ మీద దిగుతాడు. భుజాల వణుకే కోపం. ఛౌ అభ్యాసంలోని కొన్ని కదలికలు ఇంటిపనుల నుంచి వచ్చాయి: కల్లాపి చల్లడం, అంట్లు తోమడం వంటివి. కత్తి, డాలు సాధన మరొక మూలం. సరాయికేలా మాస్కులో ఊపిరి సరిగా ఆడదు కనుక అంశాలు కొద్ది నిమిషాలే సాగుతాయి. అక్కడ మెడ వంపే మాట్లాడుతుంది. ఈ విషయంలో సరాయికేలా తన సోదరి పురూలియా కంటే నోహ్‌కే దగ్గరని నాకనిపిస్తుంది. అయితే ఒకదాన్ని చూసి మరొకటి నేర్చుకుందని దీనికి అర్థం కాదు. ఇద్దరికీ ఎదురైన చిక్కు ఒక్కటే.

పోషకుల కథ కూడా గమనించదగింది. 14వ శతాబ్దంలో షోగన్ యోషిమిత్సు ఆదరణతో కన్నామి, ఆయన కుమారుడు జెయామి నోహ్‌కు రూపమిచ్చారు. 1868లో షోగన్ల పాలన పోగానే భత్యాలు ఆగిపోయాయి. కొందరు నటులు తరతరాల మాస్కులనే అమ్ముకున్నారు. సరాయికేలాలో రాజకుమారులే నర్తించేవారు. 1938లో వారి బృందం ఐరోపాకు వెళ్ళింది. 1948లో సంస్థానం విలీనమయ్యాక ఆ ఆసరా పోయింది. పురూలియా నాట్యానికి పల్లెలే దిక్కు. అక్కడి నుంచి వచ్చిన గంభీర్ సింగ్ ముడాకు 1981లో పద్మశ్రీ లభించింది.

యునెస్కో ప్రతినిధి జాబితాలో నోహ్ 2008లో, ఛౌ 2010లో చేరాయి. పురూలియా జిల్లా చడిదా గ్రామంలో మట్టి అచ్చు మీద కాగితం పొరలు అంటించి, గుడ్డ పరచి, రంగు వేసి మాస్కులు చేస్తారు. వాటికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు వాటిలో చాలా భాగం నర్తకులకు కాక, ఇంటి గోడలకు అలంకారంగా అమ్ముడుపోతున్నాయి.