తొలి పోరు, తొలి భయం: చిత్తూరు సీమ యోధుల సింహావలోకనం

చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడితే పగలు హరికథ, రాత్రి వీధినాటకం. కౌరవసేనను చూసి రథం దిగి పరుగెత్తిన ఉత్తరుడి కథకు జనం ఇప్పటికీ నవ్వుతారు. అదే ఉత్తరుడు కురుక్షేత్రంలో మొదటిరోజే శల్యుడికి ఎదురునిలిచి ప్రాణమిచ్చాడు. ఆ సంగతి ఎందరికి గుర్తుంది? పారిపోయినవాడే నిలబడ్డాడు. తొలి యుద్ధానికి వెళ్లిన కుర్రవాళ్లందరి కథా ఇందులో ఉంది. వాళ్ల చరిత్రను మాత్రం మనం ఎప్పుడూ సగమే రాసుకున్నాం.

మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల వీరగల్లులతో, అంటే పోరులో పడినవాళ్లకు నిలిపిన రాళ్లతో, మొదలుపెడదాం. 9వ శతాబ్దంలో బాణులు, వైదుంబులు ఒకవైపు, నొలంబులు మరోవైపు నిలిచి సోరెమడి దగ్గర తలపడ్డారు. అక్కడ పడిన యోధుల పేర్లను ఈ సీమ శాసనాలు దాచిపెట్టాయి. ఊరి పశువుల మందను శత్రువు తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చినవాళ్లకూ రాళ్లు నిలిపారు. ఆ రాతిమీద వీరుడు ఆయుధం పట్టి నిలబడి ఉంటాడు, పైన అప్సరసలు అతన్ని స్వర్గానికి తీసుకుపోతుంటారు. ముందురోజు రాత్రి అతనికి నిద్ర పట్టిందో లేదో శిల్పి చెక్కలేదు.

1740 మే 20న దామలచెరువు కనుమలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీ మరాఠా సేనకు కాపు కాశాడు. మరాఠాలు వేరే దారిన వెనకనుంచి వచ్చి పడ్డారు. నవాబూ, కొడుకు హసన్ అలీ అక్కడే కూలిపోయారు. వాళ్లిద్దరి పేర్లు గ్రంథాలకెక్కాయి. ముందుకు చూస్తూ నిలబడి, వెనకనుంచి దెబ్బతిన్న మామూలు బంట్ల పేర్లు ఎక్కడా లేవు.

1780లో హైదర్ అలీ కర్ణాటక మైదానాల మీద పడ్డాడు. గుంటూరు నుంచి నడిచివచ్చిన ఈస్టిండియా కంపెనీ అధికారి కల్నల్ బెయిలీ దళాన్ని సెప్టెంబర్ 10న కంచి దగ్గరి పొల్లిలూరులో మైసూరు సైన్యం చుట్టుముట్టింది. మందుగుండు బండ్లు పేలిపోయి దళం నాశనమైంది. అప్పుడు కంపెనీ సైన్యంలో 19 ఏళ్ల థామస్ మన్రో ఉన్నాడు. తర్వాతికాలంలో రాయలసీమను పాలించి, తిరుమలలో మన్రో గంగాళంతో పేరు నిలుపుకున్నది ఆయనే. ఆ యుద్ధం గురించి ఆయన ఇంటికి రాసిన ఉత్తరాలు నేటికీ దొరుకుతాయి. పక్కనే తుపాకీ పట్టిన సిపాయికి అక్షరం రాదు, అతని గుండె దడ అతనితోనే పోయింది. రెండేళ్లకు, 1782 డిసెంబర్ 7న, హైదర్ కూడా చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట శిబిరంలోనే కన్నుమూశాడు.

ఆ సిపాయిల వారసులకు తర్వాత జరిగింది ఇంకా పెద్ద అన్యాయం. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్, దక్షిణాదివాళ్లలో పోరాటపటిమ చచ్చిపోయిందని తేల్చాడు. యుద్ధ జాతులు వేరే ఉన్నాయన్న సిద్ధాంతం బలపడింది, మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక మద్రాసు రెజిమెంట్‌ను మళ్లీ నిలబెట్టక తప్పలేదు. 1945లో బర్మాలోని లెట్సే దగ్గర ఆ జవాన్లు జపాన్ సేనను ఎదుర్కొని నిలిచారు. ధైర్యం ఏ జాతి సొత్తూ కాదని నిరూపించినవాళ్లు వీళ్లే.

2020 నవంబర్‌లో కశ్మీర్‌లోని మాఛిల్ సెక్టార్‌లో చొరబాటుదార్లను అడ్డుకుంటూ అమరుడైన హవల్దార్ ప్రవీణ్ కుమార్ రెడ్డిది చిత్తూరు జిల్లా ఐరాల మండలం, పటాలం మద్రాసు రెజిమెంట్. ఆయన అంత్యక్రియలకు ఊరూరా జనం కదిలారు.

వెయ్యేళ్లకు పైగా ఈ నేల పడినవాళ్లను పూజించింది. వాళ్ల భయాన్ని మాత్రం మాటల్లోకి రానివ్వలేదు. భయమే లేనివాడు నిలబడటంలో గొప్పేముంది? కాళ్లు వణుకుతున్నా పక్కవాణ్ణి వదిలిపెట్టి పోనివాడే వీరుడు. ఐరాలలో, పలమనేరులో, మదనపల్లెలో రిటైరైన జవాన్లు ఇప్పుడూ మన మధ్య ఉన్నారు. తొలిసారి తూటా చప్పుడు విన్నప్పుడు ఏమనిపించిందో వాళ్లను అడిగి రాసుకుందాం. చేలగట్ల మీద ఒరిగిపోతున్న వీరగల్లులను నిలబెట్టడం ఎంత అవసరమో, ఆ మాటలను భద్రం చేయడమూ అంతే అవసరం.