తొమ్మిది కోళ్ల గూడు

షెడ్డులో దీపాలు వెలిగాయి. పనివాడు బకెట్టు పట్టుకుని వరస వెంట నడుస్తూ మొదటి గూడు ముందు ఆగాడు. తొమ్మిది ఉండాలి. ఎనిమిది నిలబడి ఉన్నాయి. తొమ్మిదోది జాలీ మీద ఒరిగిపోయి ఉంది. తోక కింద రక్తం గడ్డకట్టింది. మిగతావాటిలో రెండింటి ముక్కులు ఎర్రగా ఉన్నాయి. అతను తలుపు తీసి, చచ్చినదాన్ని బకెట్టులో వేసి, గూటికి వేలాడే చీటీ మీద ఒక గీత గీసి పక్క గూటికి కదిలాడు. అక్కడా ఎనిమిదే.

ఆ ఉదయాన్ని నేను ఊహించి రాస్తున్నాను. కోళ్లు మాత్రం నిజం, చావుల లెక్క నిజం. అమెరికాలో ఇండియానా రాష్ట్రం, వెస్ట్ లఫాయెట్‌లోని పర్డ్యూ విశ్వవిద్యాలయం. 1982లో అక్కడ తెల్ల లెగ్‌హార్న్ కోళ్లతో ఒక ప్రయోగం మొదలైంది. దాన్ని నడిపిన జన్యుశాస్త్రవేత్త పేరు విలియం మ్యూర్. రెండో తరం కోళ్ల దగ్గరికి వచ్చేసరికి, ఏడాది తిరిగేలోపు నూటికి 68 చచ్చిపోయాయి. సగటున ఒక్కో కోడి గూట్లో బతికింది 169 రోజులు.

తెగులు రాలేదు. దాణా తప్పలేదు. కోళ్లను కోళ్లే చంపాయి.

గుడ్ల కోసం కోళ్లు పెంచే లేయర్ ఫారం చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. మొదట ఒకటి పక్కదాని ఈకలు పీకుతుంది. వీపు బోడిగా అవుతుంది. గుడ్డు పెట్టాక కాసేపు కోడి వెనక భాగం ఎర్రగా, తడిగా బయటికి కనిపిస్తుంది. ఆ ఎరుపు పక్కదాని కంటబడితే చాలు, ఒక పోటు పడుతుంది. రక్తం చూశాక మిగతావి కూడా చేరతాయి. పెరట్లో తిరిగే కోడైతే పారిపోతుంది, పొద మాటున దాక్కుంటుంది. గూట్లో ఉన్నదానికి పారిపోయే చోటు లేదు.

దీనికి ఎక్కువగా వాడే మందు ఒకటుంది. ముక్కు కోయడం. పిల్ల పది రోజులది కాకముందే ఎర్రగా కాలిన బ్లేడుకు ముక్కు కొన ఆనించి కోసేస్తారు. మన గోదావరి జిల్లాల్లో డీబీకింగ్ కోసమే ఊరూరూ తిరిగే మనుషులున్నారు. ఒకడు పిల్లను అందిస్తాడు, ఇంకొకడు మిషను దగ్గర కూర్చుంటాడు, నిమిషంలో ఎన్నో అయిపోతాయి. కోడి ముక్కు మన గోరులాంటిది అనుకుంటాం. కాదు. దాని కొసలో నరాలున్నాయి. గింజను తడిమి చూసేది దానితోనే. కోసిన తర్వాత పిల్ల దాణా తొట్టి దగ్గర ఎందుకు వెనకాడుతుందో ఆ నరాలే చెబుతాయి.

చల్లటి దేశాల్లో మూసిన షెడ్లు కాబట్టి వెలుతురు తగ్గించి కోళ్లను నెమ్మదింపజేస్తారు. మనవి రెండు వైపులా తెరిచిన షెడ్లు. వైశాఖపు ఎండను ఎవరు తగ్గించగలరు? అందుకే మన రైతుకు బ్లేడు తప్ప దారి కనబడదు. రైతును తప్పుబట్టడానికి నాకు నోరు రాదు. కోయకపోతే ఏం జరుగుతుందో ఆ 68 చెబుతూనే ఉంది.

మ్యూర్ కావాలనే ముక్కులు కోయలేదు. వెలుతురూ తగ్గించలేదు. కోళ్లలో ఉన్న గుణమంతా బయటపడాలి, పడితేనే ఎంచుకోవడానికి వీలవుతుంది.

ఎంపిక అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. కథ మలుపు తిరిగేది ఇక్కడే. అంతకుముందు లేయర్ జాతులను మెరుగుపరిచిన పద్ధతి మనకు సహజంగా తోచేదే. ఏ కోడి ఎన్ని గుడ్లు పెట్టిందో రాసుకోవాలి, ఎక్కువ పెట్టినదాని సంతానాన్ని ఉంచుకోవాలి, మిగతావాటిని తీసేయాలి. ఒక్కో కోడినీ ఒంటి గూట్లో పెట్టి లెక్క రాస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. గుడ్ల సంఖ్య పెరిగింది కూడా. కానీ ఆ లెక్కల పుస్తకంలో ఒక గడి లేదు. ఆ కోడి పక్కన ఉన్నది ఏమైంది? తొట్టి దగ్గర అందరినీ తరిమి తిని, పక్కదాన్ని పొడిచి, తాను మాత్రం రోజూ గుడ్డు పెట్టే కోడి కాగితం మీద ఉత్తమురాలే. దాని కూతుళ్లు తొమ్మిదింటిని తెచ్చి ఒకే గూట్లో పెట్టారనుకోండి.

పొగరు తరం నుంచి తరానికి దిగుతుందన్న సంగతి గోదావరి మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. సంక్రాంతి బరిలో గెలిచిన పుంజు పిల్లకు రేటు ఎందుకు పలుకుతుంది? పోట్లాటను తరతరాలుగా ఎంచి పెంచగలిగినప్పుడు, నెమ్మదినీ అలాగే ఎంచి పెంచవచ్చు కదా.

దానికి సిద్ధాంతం అప్పటికే ఉంది. బ్రూస్ గ్రిఫింగ్ అనే జన్యుశాస్త్రవేత్త 1967లోనే లెక్క వేసి చూపారు: ఒక ప్రాణి ఫలితం దాని సొంత జన్యువుల మీదే కాదు, పక్కనున్న ప్రాణుల జన్యువుల మీద కూడా ఆధారపడుతుంది, కాబట్టి ఎంపిక గుంపు మీద జరగాలి అని. మ్యూర్ దాన్ని కోళ్ల షెడ్డులోకి తెచ్చారు. ఒకే పుంజుకు పుట్టిన పెట్టలను ఒకే గూట్లో పెట్టారు. కోడికి విడిగా మార్కులు లేవు. మార్కులు గూటికి. గూడు మొత్తం ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని రోజులు బతికి ఉన్నాయి అని చూసి, బాగున్న గూటి కుటుంబాన్ని మొత్తంగా ఉంచారు, బాగోలేనిదాన్ని మొత్తంగా తీసేశారు. ఆ తీసేసిన గూళ్లలో కొన్ని కోళ్లు విడిగా చూస్తే బ్రహ్మాండంగా గుడ్లు పెట్టినవే అయి ఉండవచ్చు. పెంపకందారుడి చేతికి అలాంటి కోడిని వదులుకోవడం ఎంత కష్టమో ఊహించండి.

మూడో తరం వచ్చింది. పనివాడు పొద్దున్నే అదే బకెట్టుతో నడిచాడు. మొదటి గూట్లో తొమ్మిది. రెండో గూట్లో తొమ్మిది. చీటీల మీద గీతలు తగ్గుతూ వచ్చాయి. మార్పులో ఎక్కువ భాగం ఈ మూడో తరానికే వచ్చేసింది. ఇంత త్వరగా వస్తుందని పరిశోధకులే అనుకోలేదు. 1996లో ‘పౌల్ట్రీ సైన్స్’ పత్రికలో అచ్చయిన పత్రంలో వాళ్లను అన్నింటికంటే ఆశ్చర్యపరిచిన విషయంగా రాసుకున్నది ఈ వేగాన్నే.

నాలుగో తరంలో చావులు నూటికి 8.8.

పోల్చి చూడటానికి, ఏ ఎంపికా చేయని కోళ్లను కూడా వాళ్లు పెంచుతూ వచ్చారు, కానీ ఒక్కోదాన్ని ఒంటి గూట్లో. పొడిచేందుకు పక్కన ఎవరూ లేరు. వాటిలో చావులు నూటికి 9.1. అంటే ముక్కు కోయని తొమ్మిది కోళ్లు ఒకే గూట్లో, ఒంటరి కోడి బతికినంత క్షేమంగా బతికాయి. ఈ గుంపుకు ముక్కు కోసినా ఇక తగ్గే చావులు లేవని, కోయాల్సిన అవసరమే తీరిపోయి ఉండవచ్చని ఆ పత్రం సూచించింది. నేను చదివిన పశుశాస్త్ర ఫలితాల్లో ఇంతకంటే కదిలించింది ఇంకొకటి లేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. సగటు బతుకు 169 రోజుల నుంచి 348 రోజులకు పెరిగింది. రోజువారీ గుడ్ల శాతం 52 నుంచి 68కి పెరిగింది. షెడ్డులో వేసిన ఒక్కో కోడికి ఏడాదికి 91 గుడ్లు వచ్చిన చోట 237 వచ్చాయి. గుడ్డు బరువు తగ్గలేదు. పదివేల కోళ్ల షెడ్డుకు లెక్కేస్తే తేడా 14 లక్షల 60 వేల గుడ్లు. మన దగ్గర బ్లేడుతో చావులను ముందే తగ్గించుకుంటున్నాం కాబట్టి ఇంత తేడా మన షెడ్లలో రాదు. ఆ మాట దాచి రైతుకు ఆశపెట్టడం తప్పు. కానీ అంకెలో ఒక విశేషం గమనించండి. కోళ్లు ఎక్కువ రోజులు బతకడమే కాదు, బతికిన ప్రతి రోజూ ఎక్కువ పెట్టాయి. భయంతో మూలకు ఒదిగే కోడి దాణా సరిగా తినదు. ఈకలు రాలిన కోడి ఒంట్లో వేడి నిలుపుకోవడానికే తిన్న దాణా ఖర్చు చేస్తుంది. నెమ్మదిగా ఉన్న గూట్లో అదే దాణా గుడ్డవుతుంది.

ఆ తర్వాత నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయంలో పీటర్ బైమా బృందం ఇదే ప్రశ్నను ఇంకోలా తవ్వింది. లేయర్ కోళ్లలో ఎవరు ఎన్ని రోజులు బతుకుతారన్న దాంట్లో వంశపారంపర్యంగా వచ్చే తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు కోళ్ల మధ్య జరిగే వ్యవహారం నుంచే వస్తుందని 2007లో వాళ్లు చూపారు. ఒక్కో కోడినీ విడిగా చూసే ఎంపికకు ఆ రెండు వంతులు కనబడవు.

ఒక భయం నాకుంది, చెప్పి తీరాలి. నెమ్మదైన కోడి దొరికింది కదా అని గూట్లో ఇంకో రెండింటిని కుక్కే ప్రమాదం ఉంది. పోట్లాడని కోడికి కూడా రెక్క చాపుకోవాలని, మట్టిలో పొర్లాలని, గుడ్డు పెట్టే ముందు చాటు వెతుక్కోవాలని ఉంటుంది. పాత పద్ధతి ఇరుకు గూళ్లను ఐరోపా సమాఖ్య 2012 జనవరి 1 నుంచి నిషేధించింది. మన దేశంలో లా కమిషన్ 2017లో ఇచ్చిన 269వ నివేదిక గుడ్ల కోళ్ల వసతినీ రవాణానూ ప్రత్యేకంగా చర్చించింది. గూళ్లు లేని షెడ్డులో వేల కోళ్లు ఒకే గుంపుగా తిరుగుతాయి, ఒక్క పొగరుబోతు కోడి ఎందరి దగ్గరికైనా వెళ్లగలదు. కాబట్టి మ్యూర్ చూపిన ఎంపిక అక్కడ ఇంకా ఎక్కువ కావాలి. గూడు విశాలం కావాలి, కోడి నెమ్మది కావాలి. ఒకటి చేసి రెండోది వదిలేయడానికి వీల్లేదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) వారి కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. వనరాజా, గ్రామప్రియ కోళ్లు మన పెరళ్లలోకి వచ్చింది అక్కడి నుంచే. మన తెరిచిన షెడ్ల వెలుతురులో, మన ఎండలో, ముక్కు కోయకుండా గూటిని బట్టి ఎంచిన లేయర్‌ను అందించే పనిని ఆ సంస్థ తలకెత్తుకోవాలి.

కోళ్ల రైతులకు నా విన్నపం ఒకటే. వచ్చే బ్యాచ్‌కు పిల్లలు బుక్ చేసే ముందు హ్యాచరీ వాళ్లను అడగండి: ఈ జాతి కోళ్లను ముక్కు కోయకుండా ఒకే గూట్లో పెట్టి చూశారా? ఏడాది చివరికి నూటికి ఎన్ని మిగిలాయి? జవాబు కాగితం మీద రాసిమ్మనండి.