ఏసీ వేస్తే బండి లాగట్లేదు

గుంటూరు మైదానంలో కారు ఏసీ కథ చెప్పాలంటే బానెట్ ఎత్తి, రేడియేటర్‌కు ముందుండే కండెన్సర్ దగ్గర మొదలుపెట్టాలి. నవంబరు నుంచి చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు దారుల్లో పత్తి లోడ్లు తిరుగుతాయి. జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల దూది నూగు గాలిలోనే ఉంటుంది. అది సద్దుమణిగే లోపు మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగడం మొదలవుతుంది. నూగు మీద మిర్చి దుమ్ము పడి, కండెన్సర్ సన్నరేకుల మధ్య దట్టంగా అతుక్కుపోతుంది. చలికాలమంతా ఎవరికీ పట్టదు. మార్చి ఎండ తగలగానే ఏసీ వేస్తారు, ఆ వారమే షెడ్డుకొస్తారు: "మేస్త్రీ, ఏసీ వేస్తే బండి లాగట్లేదు. పికప్ చచ్చిపోయింది."

నేను పనిలో చేరిన రోజుల్లో ఈ మాటే వినపడేది కాదు. అంబాసిడర్లు, పద్మినీలే కార్లు. ఏసీ ఉన్న బండి అరుదు. యార్డు షావుకార్లు మద్రాసు ప్రయాణం పెట్టుకుంటే రాత్రి భోంచేసి బయలుదేరేవాళ్లు, పొద్దెక్కే లోపు ఊరు చేరిపోవాలని. అమెరికాలో అయితే ప్యాకార్డ్ కంపెనీ 1940 మోడల్ కార్లకే ఏసీ పెట్టింది. కానీ ఆ కంప్రెసర్‌కు క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి బెల్టు ఊడదీయాలి. ఇప్పుడు స్విచ్ నొక్కగానే "టక్" మని వినిపించే అయస్కాంతపు క్లచ్ విలువ తెలియాలంటే ఆ బెల్టును తలుచుకోవాలి.

మా దగ్గర ఈ ఫిర్యాదు మారుతి 800తో మొదలైంది. 1983 డిసెంబరులో వచ్చిన ఆ కారు ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. కార్బురేటర్ రోజుల్లో దాని బలం సుమారు 37 హార్స్‌పవర్. ఎండ ముదిరితే కంప్రెసర్ ఒక్కటే మూడు, నాలుగు హార్స్‌పవర్ తీసుకుంటుంది. పెద్ద ఇంజిన్ దాన్ని పట్టించుకోదు, చిన్న ఇంజిన్‌కు అది దాదాపు పదో వంతు. దానికి తోడు వడగాలి. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సుమారు 6 శాతం పలచన, ఇంజిన్‌కు ఊపిరి ఆమేరకు తగ్గుతుంది. ఇంజిన్ బలం తగ్గే పూటే కంప్రెసర్ ఎక్కువ అడుగుతుంది. ఇందులో కారు తప్పేమీ లేదు.

రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ వణికి ఆగిపోకుండా కార్బురేటర్‌కు ఐడిల్-అప్ అనే చిన్న ఏర్పాటు ఉండేది. ఏసీ వేయగానే వ్యాక్యూమ్ లాగి థ్రాటిల్‌ను కాస్త తెరిచేది. దాని రబ్బరు ట్యూబు ఎండకు పగిలేది. ఆ ట్యూబు చూడకుండా కార్బురేటర్ మొత్తం ఊడదీసినవాళ్లు చాలామంది.

మా గురువుగారి పద్ధతి వేరు. ముందు ఏసీ ఆపి బండి తోలమనేవారు. అప్పుడూ లాగకపోతే ఏసీని తిట్టడం దండగ. మిర్చి దుమ్ముతో పూడుకుపోయిన ఎయిర్ ఫిల్టరో, కాలిపోయిన ప్లగ్గులో, జారుతున్న క్లచ్ ప్లేటో అసలు కారణం. ఏసీ బరువు పడ్డాక ఆ లోపం బయటపడుతుంది, అంతే. ఏసీ ఆపితే బండి బాగుంటేనే ఏసీ గొట్టాలకు ప్రెషరు గేజీలు తగిలించేవారు. హై సైడ్ ముల్లు మామూలుగా ఉండాల్సిన 200-250 పీఎస్‌ఐ దాటి 300 పైకి పోతే, కప్పు పట్టుకుని కండెన్సర్ మీద నీళ్లు చల్లేవారు. ముల్లు దిగి, ఇంజిన్ శబ్దం తేలికపడితే కండెన్సర్‌కు గాలి తగలడం లేదన్నమాట: నూగు పట్టి ఉండాలి, లేదా ఫ్యాను తిరగడం లేదు. ఈ పరీక్షకు మించింది నేనింతవరకూ చూడలేదు.

ఏసీ గ్యాసు మారాక ఈ జాగ్రత్త ఇంకా అవసరమైంది. ఓజోన్ పొరను కాపాడేందుకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం పుణ్యమా అని ఆర్-12 పోయి ఆర్-134ఏ వచ్చింది. తీవ్రమైన ఎండలో దీని ప్రెషరు పాత గ్యాసు కంటే పైకి పోతుంది. అయినా చల్లదనం చాలడం లేదనగానే ఇంకాస్త గ్యాసు ఎక్కించే అలవాటు మా పనిలో పోలేదు. కండెన్సర్ మూసుకుపోయిన బండికి గ్యాసు ఎక్కిస్తే కంప్రెసర్ మరింత బరువెక్కుతుంది, బండి మరింత ఈడుస్తుంది. దీని మీద తోటి మేస్త్రీలతో ఎన్నిసార్లు వాదించానో.

2000 ప్రాంతంలో కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ ఇంజిన్లు వచ్చి, ఆ ఐడిల్-అప్ పనిని కంప్యూటర్ తీసుకుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే అదే కాసేపు కంప్రెసర్‌ను ఆపేసి, బలమంతా చక్రాలకిస్తుంది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు పాత డ్రైవర్లు చేత్తో చేసిన పని ఇదే. ఇప్పుడు కొందరు తిరగేసి అడుగుతున్నారు: "ఘాట్‌లో ఏసీ ఆగిపోతోంది, రిపేరు చేయండి." అది రిపేరు కాదని నచ్చజెప్పి పంపిస్తాను.

పత్తి మిల్లులకు, యార్డుకు తిరిగే బండ్లవాళ్లకు మాత్రం ఒకటి గట్టిగా చెబుతాను. గ్యాసు సంగతి తర్వాత, ముందు బంపరు విప్పించి కండెన్సర్‌ను లోపలి వైపు నుంచి నీళ్లతో కడిగించుకోండి. ధార మెల్లగా ఉండాలి. ప్రెషరు గన్ను దగ్గరగా పెడితే ఆ సన్నరేకులు వంగిపోయి గాలి దారి మళ్లీ మూసుకుపోతుంది.