సౌర విద్యుత్ వ్యవస్థలలో భూమికి గల వోల్టేజి లెక్కింపు
తిరుపతి: ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పిమ్మట తిరుపతి, చిత్తూరు జిల్లాలలోనూ ఇళ్లపై సౌర ఫలకాల ఏర్పాటు సాగుతున్నది. మెయిన్ స్విచ్ ఆపినప్పటికీ, ఎండ ఉన్నంతవరకు ఫలకాల తీగలలో వోల్టేజి ఉంటుంది. కావున భూమికి గల వోల్టేజిని తెలుసుకొనుట భద్రత దృష్ట్యా అవసరం.

ఉదాహరణకు, 50 వోల్టుల ఫలకాలు 12 వరుసగా కలిపిన మొత్తం 600 వోల్టులు. ఇన్వర్టరు నుండి విడదీసిన అట్టి వరుసలో,

* ఏ తీగనూ ఎర్తు చేయనిచో, ఇన్సులేషన్ రెండువైపులా సమమైనప్పుడు, ధన, రుణ తీగలు రెండింటికీ భూమితో 300 వోల్టుల తేడా ఉంటుంది.
* రుణ తీగను ఎర్తు చేసినచో ధన తీగకు పూర్తిగా 600 వోల్టులు ఉంటుంది.
* ఇన్సులేషన్ ఒకచోట దెబ్బతిని, రుణ తీగకు 200, ధన తీగకు 400 వోల్టులు నమోదైనచో, 200ను 50తో భాగించగా 4 వస్తుంది. అనగా రుణ కొన నుండి 4వ ఫలకం తరువాత లోపమున్నదని గ్రహించాలి.

ఫలకాలు చల్లబడిన కొద్దీ వోల్టేజి పెరుగుతుంది. ప్రామాణికమైన 25 డిగ్రీల కంటే ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గినచో పెరుగుదల సుమారు 3 శాతం. 600 వోల్టులు 618 అవుతుంది. కనుక రాయలసీమ వేసవిని గాక, శీతాకాలపు ఉదయాన్ని ప్రాతిపదికగా తీసుకోవాలి.

ఈ కొలతలను తగిన రక్షణ సామగ్రితో, శిక్షణ పొందిన సాంకేతిక సిబ్బంది మాత్రమే నిర్వహించాలి.