పింగాణీ అనే మాట, యానాం రేవు

గౌతమీ గోదావరి నుంచి కోరింగ పాయ చీలే చోట ఉన్న యానాం పేరు చెప్పగానే చరిత్రకారులకు స్ఫురించేది బట్టల వర్తకం. ఆ బట్టలు కొన్న ఫ్రెంచి కంపెనీయే చైనా నీలి పింగాణీని కూడా ఓడల్లో మోసింది. మన తీరానికీ ఈ రెండవ సరుకుకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించడం మా ఉద్దేశం. తెలుగు శాఖవారం కాబట్టి మాటతోనే మొదలుపెడతాము.

చైనా పట్టు తెలుగులో 'చీనాంబరం' అయింది. అవచి తిప్పయసెట్టి ఆ దేశం నుంచి పట్టు తెప్పించినట్లు శ్రీనాథుని హరవిలాసం చెబుతున్నది. మరి పాత్ర సంగతి? ఇంగ్లీషువారు దానిని 'చైనా' అన్నారు. హిందీవారు 'చీనీ మిట్టీ' అన్నారు. మనం మాత్రం 'పింగాణీ' అన్నాము. ఇది ఫారసీ 'పింగాన్', అంటే గిన్నె. కాఫీ కప్పుకు అరబ్బులు వాడే 'ఫింజాన్' కూడా దీని రూపాంతరమే. వస్తువు చైనాది, పేరు పారశీకానిది. గోలకొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవులో ఫారసీ మాట్లాడే వర్తకుల పలుకుబడిని గుర్తుంచుకుంటే ఇందులో వింత లేదు. పేరు పుట్టినచోటును చెప్పదు, వచ్చిన దారిని చెబుతుంది.

ఆ నీలి రంగు కథ కూడా ఇలాంటిదే. 14వ శతాబ్దిలో చైనాలోని జింగ్‌దెజెన్ బట్టీలలో తెల్లని మట్టిపై నీలంతో చిత్రించే పని పరిపక్వ దశకు వచ్చింది. తొలి దశలో అందుకు వాడిన కోబాల్టు ఖనిజం పారశీక దేశం నుంచే వెళ్ళింది. ఆ శతాబ్దపు నీలి పాత్రల ముక్కలు ఢిల్లీలోని ఫిరోజ్ షా కోట్లాలో బయటపడ్డాయి. మన తీరాన అంతకన్న పాత సాక్ష్యం మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ ఓడ వర్తకులకు అభయశాసనం వేయించాడు. 1970 దశకంలో జరిగిన తవ్వకాలలో చైనా పాత్రల ముక్కలు దొరికాయి.

డచ్చివారు 1605లో మచిలీపట్నంలో వర్తకశాల పెట్టారు. తెలుగు నేతగాళ్ళ బట్ట ఇచ్చి తూర్పు దీవులలో సుగంధద్రవ్యాలు కొనడం వారి పద్ధతి. ఆ ఓడలే తిరుగు ప్రయాణంలో బటావియా నుంచి పింగాణీని కూడా కోరమాండల్ తీరానికి తెచ్చేవి. ఫ్రెంచివారు 1669లో మచిలీపట్నం వచ్చారు. 1723లో యానాంలో దిగి, లాభం లేదని 1727లో వదిలి, 1731లో మళ్ళీ వచ్చారు. యానాం బట్టలు పుదుచ్చేరి చేరి, అక్కడినుంచి ఫ్రాన్సులోని లోరియాఁ రేవుకు వెళ్ళేవి. కాంటను నుంచి టీ, పింగాణీలతో వచ్చే ఓడలు చేరేదీ ఆ రేవుకే.

ఓడ అడుగున పింగాణీ, దానిపైన టీ పెట్టెలు సర్దేవారు. పింగాణీకి తడి భయం లేదు, పైగా దాని బరువు ఓడను నిలకడగా ఉంచుతుంది. 1752లో మునిగిన డచ్చి ఓడ గెల్డర్‌మాల్సెన్ నుంచి 1985లో సుమారు లక్షన్నర పాత్రలు పైకి తీశారు. రెండు శతాబ్దాలకు పైగా నీటిలో ఉన్నా వాటి నీలం చెడలేదు.

ఇక్కడ గమనించదగ్గ విశేషం ఒకటి ఉంది. ఈ చైనా పాత్రలను ఫ్రెంచివారు నేటికీ 'ఇండియా కంపెనీ పింగాణీ' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. అలాగే చైనాలో తయారైన లక్కపూత తెరలకు యూరపులో 'కోరమాండల్' తెరలని పేరు వచ్చింది. అవి ఈ తీరం మీదుగా వెళ్ళడమే కారణం. మనం చైనా గిన్నెకు ఫారసీ పేరు పెట్టుకుంటే, వారు చైనా సరుకుకు మన పేరు పెట్టారు. (యానాం పక్కనే నీలపల్లి ఉంది కదా అని నీలి పింగాణీకి ముడిపెట్టాలని మాకూ అనిపించింది. పేరులోని నీలం ఒక్కటీ ఆధారం కాదు కనుక మానుకున్నాము.)

ఈ తీరపు పాత ఇళ్ళలో నీలి పళ్ళేలు కనబడగానే చైనావి అనుకోవడం పొరపాటు. 18వ శతాబ్ది చివరినుంచి ఇంగ్లండులో అచ్చుతో నీలి బొమ్మలు దించిన మట్టిపాత్రలు లెక్కలేనన్ని తయారై ఇండియాకు వచ్చాయి. వంతెన, రెండు పక్షులు, వాలిన చెట్టు ఉండి చూడగానే చైనాది అనిపించే 'విల్లో' బొమ్మ ఇంగ్లీషువారి కల్పనే! అచ్చు బొమ్మలో గీతలు సన్నని చుక్కలుగా ఉంటాయి, అంచు నమూనా ఒకచోట అతుకు తప్పుతుంది. కుంచె పనిలో నీలం కొన్నిచోట్ల చిక్కగా, కొన్నిచోట్ల పలచగా పారుతుంది. చైనా పళ్ళెం అడుగు కట్టు అంచున పూత ఉండదు, ఒక్కొక్కసారి బట్టీలోని ఇసుక రేణువులు అంటుకొని ఉంటాయి. వెలుతురుకు పట్టి చూస్తే పలచని అంచులో వేళ్ళ నీడ కనిపిస్తుంది.

1839 నవంబరు తుపానులో కోరింగ తుడిచిపెట్టుకుపోయింది. తుపానులు మిగిల్చిన వాటిని పాతసామాను బేరగాళ్ళు పట్టుకుపోతారు. నూరేళ్ళు దాటిన కళావస్తువును దేశం దాటించడాన్ని 1972 నాటి పురావస్తు చట్టం నిషేధించింది గాని, ఇల్లు దాటకుండా ఆపలేదు. పళ్ళెం అమ్ముడుపోతే దానితోపాటు అది ఎవరి పెళ్ళికి, ఏ రేవునుంచి వచ్చిందనే ఇంటి మాట కూడా పోతుంది. కాబట్టి ఈ ప్రాంతానికి క్షేత్రపర్యటనకు వెళ్ళే మా విద్యార్థులు మాండలిక పదాలతోపాటు ఇంటి పాత్రలనూ నమోదు చేయాలి. పళ్ళెం వెడల్పు, అడుగు కట్టు, వెనుక గుర్తు రాసుకోవాలి. ముఖ్యంగా ఆ ఇంటి పెద్దావిడ దానిని ఏ పేరుతో పిలుస్తుందో ఆమె నోటి మాటగానే రాసుకోవాలి.